కేసు ఆడియోల టైపింగ్‌కి ఫుట్ పెడల్, హెడ్‌ఫోన్, ఆటో ట్రాన్‌స్క్రిప్షన్: మూడూ వాడాక నా రివ్యూ

కేసు ఆడియోలు టైప్ చేసే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, ఆడియో వేస్తే అదే టైప్ చేసి ఇచ్చేది ఏదైనా ఉందా అని. ఉంది. డబ్బు కట్టి వాడి చూశా కూడా. నా మాట వింటే ఆ డబ్బు పెట్టి కాలితో నొక్కే పెడల్ ఒకటి కొనుక్కోండి, ఇంకా మిగిలితే మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోండి. ఎందుకో వివరంగానే రాస్తా, ఎందుకంటే ఇంగ్లీషులో నేను చదివిన రివ్యూలన్నీ డాక్టర్ల డిక్టేషన్ చేసేవాళ్ల కోసమో, యూట్యూబ్ ఇంటర్వ్యూలకి సబ్‌టైటిల్స్ వేసేవాళ్ల కోసమో రాసినవి, మన పనికి అవి సగం కూడా అతకవు.

నేను చేసేది లంచం కేసులు చూసే ఒక ప్రభుత్వ విచారణ సంస్థకి, కాంట్రాక్టు మీద. ఏ సంస్థో ఏ ఊళ్లోనో చెప్పను, అడగొద్దు. పని ఎలా ఉంటుందో మాత్రం చెప్తా. ఫిర్యాదు చేసినాయన చొక్కా జేబులో చిన్న వాయిస్ రికార్డర్ పెట్టుకుని, లంచం అడిగిన అధికారి ఆఫీసుకి వెళ్తాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడేలోపు జేబు గుడ్డ గరగరలు, మెట్లెక్కే ఆయాసం, బయట ఆటో హారన్లు, సీలింగ్ ఫ్యాన్, పక్క టేబుల్ మీద ఎవరిదో ఫోన్ రింగ్‌టోన్ అన్నీ వినబడతాయి. అసలు మాట వచ్చేసరికి ఆ అధికారి గొంతు తగ్గిస్తాడు, సహజమే కదా, లంచం ఎవడూ మైకులో అడగడు. ఇవి కాక ఫోన్ కాల్ రికార్డింగులు, వాంగ్మూలాలు, సోదాల వీడియోలు ఉంటాయి. 2024 జులై 1న బీఎన్ఎస్ఎస్, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో తెచ్చిన చట్టం, అమల్లోకి వచ్చింది, దాని 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం ఆడియో వీడియో తీయాలి, మొబైల్‌తో తీసినా సరే. అప్పట్నుంచి మా టేబుల్ మీదకి వచ్చే గంటలు బాగా పెరిగాయి, మనుషులు మాత్రం అంతే ఉన్నారు.

రికార్డు చేసిన మాట కోర్టులో చెల్లుతుందా అన్న వాదన చాలా పాతది. బొంబాయి కరోనర్‌గా, అంటే అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారిగా, పనిచేసిన డాక్టర్ ఆర్.ఎం. మల్కానీ కేసులో ఫోన్ సంభాషణ టేపును సుప్రీంకోర్టు 1972లోనే సాక్ష్యంగా ఒప్పుకుంది. తర్వాత 1985లో రామ్ సింగ్ కేసులో షరతులు వరసగా చెప్పింది. గొంతు ఎవరిదో గుర్తించాలి, టేపులో మార్పులు చేయలేదని చూపాలి, సీలు వేసి భద్రంగా ఉంచాలి, గొంతు స్పష్టంగా వినబడాలి, వేరే చప్పుళ్లలో కొట్టుకుపోకూడదు. ఈ చివరి షరతు చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే నా జీతమంతా ఆ వేరే చప్పుళ్ల మీదే నడుస్తోంది. మేం టైప్ చేసిన కాగితం సాక్ష్యం కాదు, రికార్డింగే సాక్ష్యం. కానీ అందరికీ ముందు చేతికొచ్చేది ఆ కాగితమే. దర్యాప్తు అధికారి చదివేది అదే, పీపీ, అంటే ప్రభుత్వ లాయరు, చదివేది అదే, అవతలి లాయరు ఎర్ర పెన్నుతో గీతలు గీసేదీ దాని మీదే. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా లంచం అడిగినట్టు, తీసుకున్నట్టు రెండూ రుజువు కావాల్సిందే అంది. అడగడం అంటే ఎక్కువసార్లు ఒక చిన్న మాటే. దాన్ని వినడానికి ఏ సామాను పనికొస్తుంది అన్నదే ఈ రివ్యూ.

ముందు పెడల్. కుట్టు మిషన్ కింద కాలు ఆడించినట్టే, కాలు పని కాలిదే చేతి పని చేతిదే. నా దగ్గర ఉన్నది ఇన్ఫినిటీ వాళ్ల మూడు మీటల యూఎస్‌బీ పెడల్. మధ్యలో పెద్ద మీట నొక్కితే ఆడియో ఆడుతుంది, ఎడమది నొక్కితే వెనక్కి, కుడిది నొక్కితే ముందుకి. కాలు తీస్తే ఆగిపోతుంది. చెప్పుకుంటే ఇంతే ఉంది, కానీ పెడల్ లేకుండా చేసేవాళ్లని పక్కన కూర్చుని చూడండి, టైప్ చేస్తూ చేస్తూ మౌస్ పట్టుకుంటారు, ఆపుతారు, ఆ గీత మీద వెనక్కి లాగుతారు, అది ఇరవై సెకన్లు వెనక్కి పోతుంది, అక్కడ్నుంచి మళ్లీ వింటారు, ఈలోపు తాము టైప్ చేసిన చివరి మాట మర్చిపోతారు. గంటలో ఇది కొన్ని వందలసార్లు జరుగుతుంది. స్పష్టంగా ఉన్న గంట ఆడియోకి నాలుగు గంటల టైపింగ్ అని ఈ రంగంలో ఒక పాత లెక్క ఉంది, అది ఒక్కరే నిదానంగా మాట్లాడే డిక్టేషన్‌కి. జేబు రికార్డర్‌కి ఆ లెక్క పట్టుకుని ఎవరికైనా గడువు చెప్పారో, రాత్రి నిద్ర ఉండదు.

పెడల్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఒక చిన్న సెట్టింగ్. కాలు తీసి మళ్లీ నొక్కినప్పుడు ఆగిన చోటునుంచి కాకుండా కొంచెం వెనకనుంచి మొదలవ్వాలి అని పెట్టుకోవచ్చు. ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్ లాంటి వాటిలో ఇది ఉంటుంది. మామూలు డిక్టేషన్‌కి ఒక సెకను చాలు. మా ఆడియోలకి నేను రెండున్నర, మూడు సెకన్లు పెట్టుకుంటా. అప్పుడు మొదటిసారి జారిపోయిన ముక్క ప్రతిసారీ తనంతట తనే రెండోసారి చెవిన పడుతుంది, నేను అడగక్కర్లేదు. "ఆఁ" అని ఒక శబ్దం వస్తుంది చూడండి, అది ఒప్పుకోవడమా, "ఏంటీ?" అనడమా, ఊరికే గొంతు సవరించుకోవడమా అనేది దాని ముందు రెండు సెకన్లు కలిపి వింటేనే తెలుస్తుంది. విడిగా వింటే మనకేది అనుకూలమో అదే వినబడుతుంది, మనిషి చెవి అలాంటిది.

వేగం తగ్గించే సదుపాయం కూడా ఉంటుంది. జాగ్రత్తగా వాడండి. డెబ్బై శాతం కంటే కిందకి తెస్తే గొంతు సాగి మాట చివర కలిసిపోతుంది, "ఇస్తా", "ఇస్తావా" ఒకేలా వినబడే ప్రమాదం ఉంది. మన భాషలో ప్రశ్న సగంసార్లు ఆ చివరి అక్షరంలోనూ, స్వరం పైకి లేవడంలోనూ ఉంటుంది, సాగదీస్తే పోయేది అదే.

ఎక్కడ దొరుకుతుంది అంటారా. కొత్తది ఆన్‌లైన్‌లో దిగుమతి సరుకు, ధర చూసి గుండె గట్టి చేసుకోవాలి. కానీ మన హైదరాబాద్‌లో ఒక సౌకర్యం ఉంది. 2000ల్లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ ఊపు మీదున్నప్పుడు, అమీర్‌పేటలో ప్రతి మెట్ల పక్కన ఎంటీ కోచింగ్ బోర్డు ఉన్న రోజుల్లో, ఈ పెడళ్లు కుప్పలుగా వచ్చాయి. ఆ కంపెనీలు చాలావరకు సర్దుకున్నాయి, పెడళ్లు మిగిలాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ సామాన్లు అమ్మేవాళ్లని అడగండి, "ఎంటీ పెడల్" అంటే అర్థమవుతుంది. నాది అలా దొరికిందే. దాని కంటే ముందు ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి తెప్పించా, పేరు ఊరు లేని ప్లాస్టిక్‌ది, ఒకే మీట, నేల మీద జారిపోతుంది, కొన్నాళ్లకి స్ప్రింగ్ లోపలికి పోయి నొక్కిన మీట పైకి రాలేదు, ఆడియో దానంతట అది ఆడుతూనే ఉంది. అది కొనొద్దు. పెడల్‌కి బరువు ఉండాలి, కింద రబ్బరు ఉండాలి. ఇన్ఫినిటీ సైజు పెద్దది, ఇరుకు టేబుళ్ల కింద సీపీయూ పక్కన చోటు చూసుకోవాలి, అదొక్కటే నాకు కనబడిన ఇబ్బంది.

ఇంకో సంగతి, ఎవరూ ముందు చెప్పరు. విచారణ సంస్థల కంప్యూటర్లలో యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉంటాయి, ఎవరూ పెన్‌డ్రైవ్‌లో ఆడియో పట్టుకుపోకుండా. మూయాల్సిందే. కానీ పెడల్ పెట్టినా పనిచేయదు మరి. పెడల్‌లో ఏమీ దాచుకోలేం, అది కీబోర్డు, మౌస్ లాంటి పరికరమే అని సిస్టమ్స్ వాళ్లకి చెప్పి, కాగితం పెట్టి, ఆ ఒక్క పరికరానికి అనుమతి తీసుకోవాలి. కొనే ముందే అడగండి. మా దగ్గర ఆ ఫైలు కదలడానికి పెడల్ దొరకడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది. అనుమతి అసలు రాకపోతే కీబోర్డు మీద ఎఫ్ మీటలతో ఆపడం, వెనక్కి తేవడం అలవాటు చేసుకోండి. ఓట్రాన్‌స్క్రైబ్ అని ఉచితంగా ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఆడియో మీ కంప్యూటర్ దాటి బయటికి పోదు, ఆడియో పక్కనే టైప్ చేసుకోవచ్చు, ఏ మాట ఎన్నో నిమిషంలో వచ్చిందో ఆ టైమ్ పక్కన వేసుకోవచ్చు. నెట్ ఉన్న సిస్టమ్ అయితే, ఉచితం అయినదానికి చాలా మంచిది. మాకు నెట్ లేదు కాబట్టి నేను ఇంట్లో సాధన చేయడానికే వాడా.

హెడ్‌ఫోన్ గురించి పెద్దగా చెప్పేది లేదు, సోనీ ఎండీఆర్ 7506 కొనుక్కోండి, అయిపోయింది. 1991 నుంచి అదే మోడల్ అమ్ముతున్నారు, స్టూడియోల్లో, న్యూస్ చానళ్లలో కనబడేది అదే. చెవిని పూర్తిగా మూసేస్తుంది, బేస్ ఊదరగొట్టదు, గొంతు ముందుకొస్తుంది. వైరు స్ప్రింగులా చుట్టుకుని బరువుగా ఉంటుంది, చెవి కుషన్లు కాలక్రమంలో పొరలు లేస్తాయి, విడిగా దొరుకుతాయి మార్చుకోవచ్చు. బ్లూటూత్ వాటి జోలికి పోకండి, నొక్కినప్పటికీ వినబడినప్పటికీ మధ్య ఆ కొద్ది ఆలస్యం పెడల్ పట్టుని చెడగొడుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ అని ఎక్కువ డబ్బు పెట్టకండి, అది మీ గదిలో చప్పుడు తగ్గిస్తుంది, రికార్డింగులో ఉన్న ఫ్యాన్‌ని ఏమీ చేయదు.

ఆ ఫ్యాన్‌ని తగ్గించడానికి ఆడాసిటీ ఉంది, ఉచితం, బాగుంటుంది. కానీ చాలా కొద్దిగా వాడండి, నాయిస్ రిడక్షన్ ఎక్కువ పెడితే హుష్ చప్పుళ్లతో పాటు శ, స, హ లాంటివి కూడా ఊడ్చుకుపోతాయి, మిగిలేది నీళ్లలో మాట్లాడినట్టు ఉంటుంది. ఇంకా ముఖ్యం, మీకు ఇచ్చిన కాపీని అలాగే ఉంచి ఇంకో పేరుతో దాచిన దాని మీదే ఈ ప్రయోగాలు చేయండి. కొత్త సాక్ష్య చట్టం, అంటే బీఎస్ఏ, 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి అక్షరాల, అంకెల వరస, రాయాలి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మొత్తం మారిపోతుంది. అసలు రికార్డరు, మెమరీ కార్డు సీలులో ఉంటాయి కాబట్టి కొంప మునగదు కానీ, ఏ ఫైలు విని టైప్ చేశావు అని కోర్టులో అడిగితే ఐఓ, అంటే దర్యాప్తు అధికారి, ముఖం చూడాల్సి వస్తుంది.

ఇప్పుడు ఆటో ట్రాన్‌స్క్రిప్షన్. తెలుగు వాయిస్ టైపింగ్ కొత్తేం కాదు, గూగుల్ 2017 ఆగస్టులో తెలుగు చేర్చింది, మా అమ్మ కూడా వాట్సాప్ మెసేజులు మాట్లాడే పంపుతుంది, తప్పులు తక్కువే. అందుకే నాకూ ఆశ కలిగి నెలవారీ చందా కట్టే ఒక సర్వీసు తీసుకున్నా. పేరు చెప్పను. కేసు ఆడియో బయటి సర్వర్‌కి ఎక్కించడం అనేది కలలో కూడా చేయకూడని పని, ఉద్యోగం పోవడం సంగతి తర్వాత, ఆ ఫిర్యాదుదారు గొంతు, ఊరు, ఆయన భయం అన్నీ అందులో ఉంటాయి. కాబట్టి మా బాబాయిని బతిమాలి ఇంట్లోనే నాటకం ఆడించా. ఫోన్ చొక్కా జేబులో, పైన ఫ్యాన్ మూడు మీద, ఆయన గుమాస్తా, నేను పట్టా కోసం వచ్చిన రైతు. బాబాయి ఆ పాత్రలో కొంచెం ఎక్కువే లీనమయ్యాడు, అది వేరే విషయం.

టేబుల్ మీద ఫోన్ పెట్టి, ఎదురెదురుగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరం మాట్లాడిన భాగం బాగానే వచ్చింది, మెచ్చుకోవాలి. జేబులోకి వెళ్లాక మొదలైంది తమాషా. బాబాయి గొంతు తగ్గించి "పది చూసుకోండి" అన్నది "పది రోజులు చూసుకోండి" అయింది. రోజులు అన్న మాట ఎవరూ అనలేదు, వాక్యం పూర్తిగా ఉండాలని అదే చేర్చేసింది. మేమిద్దరం మాట్లాడకుండా కూర్చున్న చోట, ఫ్యాన్ తప్ప ఏమీ లేని చోట, "వీడియో చూసినందుకు ధన్యవాదాలు" అని రాసింది. ఎవరి ఛానలో మరి. ఇద్దరి గొంతులు ఒకదాని మీద ఒకటి పడిన చోట ఒకరిని పూర్తిగా తీసేసి రెండోవాళ్ల మాటే చక్కగా, ఫుల్‌స్టాప్‌తో సహా ఇచ్చింది. మా బాబాయిది పాలమూరు యాస, "ఇస్తవా లేదా" అంటాడు, దాన్ని "ఇస్తావా లేదా" అని దిద్దింది. కథకైతే పర్లేదు, కేసుకి కుదరదు. ఆయన నోటినుంచి ఏం వచ్చిందో అదే కాగితం మీద ఉండాలి, లేకపోతే అవతలి లాయరు "మా క్లయింట్ అలా మాట్లాడడండీ" అని అక్కడే మొదలుపెడతాడు.

ఇది నా ఒక్క సర్వీసు జబ్బు మాత్రమే కాదు. ఓపెన్‌ఏఐ వాళ్లు 2022 సెప్టెంబరులో విస్పర్ అని ఒక మోడల్ ఉచితంగా వదిలారు, 6,80,000 గంటల ఆడియో మీద నేర్పించినది, నెట్ లేకుండా మన కంప్యూటర్లోనే నడుస్తుంది కాబట్టి గోప్యత గొడవ కూడా ఉండదు. దాని మీద అమెరికా పరిశోధకులు 2024లో ప్రచురించిన పరిశీలనలో ఇంగ్లీషు ఆడియోల్లోనే దాదాపు 1 శాతం ముక్కల్లో ఎవరూ అనని మాటలు పూర్తి పదబంధాలుగానో వాక్యాలుగానో కనబడ్డాయి. మాటల మధ్య ఖాళీ ఎక్కువగా ఉన్నచోట ఆ బెడద ఎక్కువ. ఒక్క శాతమే కదా అనుకోకండి. లంచం మాట్లాడేటప్పుడు ఖాళీలే ఎక్కువ ఉంటాయి, వేళ్లు చూపిస్తారు, కాగితం మీద అంకె రాసి చూపిస్తారు, నోరు విప్పరు. ఆ ఖాళీలోనే యంత్రం కథ అల్లితే?

మేం ఖాళీని ఖాళీగానే పెడతాం. "వినబడలేదు, 04:17 నుంచి 04:21 వరకు" అని రాస్తాం. ఆయన "పది" అంటే "పది" అనే రాస్తాం, వేలా లక్షలా అని మాకెందుకు, అది ఐఓ మిగతా ఆధారాలతో తేల్చుకుంటాడు. గొంతు ఎవరిదో అనుమానం ఉంటే "రెండో మగ గొంతు" అంటాం, పేరు పెట్టం. ఆటో సర్వీసు ఇచ్చిన డ్రాఫ్ట్ మీద కూర్చుని దిద్దుకుంటే టైము కలిసొస్తుంది కదా అని నా పక్క సీటు అమ్మాయి వాదిస్తుంది, వాంగ్మూలాల వరకు ఆమె మాట ఒప్పుకుంటా, గదిలో మంచి మైకు ముందు ఒక్కరే మాట్లాడేవి, వాటికి నెట్ లేని సిస్టమ్‌లో నడిచే మోడల్ ఉంటే వాడుకోండి. జేబు రికార్డింగులకి మాత్రం వద్దు. ఎందుకంటే ముందే ఒక వాక్యం కళ్ల ముందు ఉంటే చెవికి అదే వినబడుతుంది. "పది రోజులు" అని చదివాక వినండి, ఆ ఫ్యాన్ చప్పుడులో "రోజులు" మీకూ వినబడుతుంది, నాకు వినబడింది, అనలేదని ఖచ్చితంగా తెలిసి కూడా.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఏ సామాను ఎంతకి కొనాలో దాని మీదే ఉంటుంది కాబట్టి. మాకు మధ్యలో ఉన్న ఏజెన్సీ పేజీ లెక్కన ఇస్తుంది. అంటే గంటసేపు తల బద్దలు కొట్టుకుని నాలుగు పేజీలు తేల్చిన ఆడియోకి నాలుగు పేజీల డబ్బే, ఎవరో హాయిగా డిక్టేట్ చేసిన ముప్పై పేజీలకి ముప్పై పేజీల డబ్బు. ఈ లెక్క నిజాయితీగా "వినబడలేదు" అని రాసేవాళ్లకి జరిమానా, ఊహించి నింపేవాళ్లకి బహుమతి. ఆడియో నిమిషం లెక్కన ఇవ్వాలి. మీరు కొత్తగా ఒప్పుకుంటుంటే ముందు ఇది మాట్లాడుకోండి, పెడల్ తర్వాత కొనుక్కోవచ్చు. టైపింగ్ యూనికోడ్‌లోనా (ఏ కంప్యూటర్లో తెరిచినా కనబడే తెలుగు), అను ఫాంట్లలోనా (డీటీపీ వాళ్లు వాడే పాత పద్ధతి) అనేది కూడా అప్పుడే అడగండి, కొన్ని ఆఫీసులు ఇంకా అనులో యాపిల్ కీబోర్డు అనే మీటల వరస అడుగుతాయి, ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే వరస మాత్రమే వచ్చినవాళ్లకి వేళ్లు మళ్లీ మొదట్నుంచి నేర్పించాల్సి వస్తుంది.

రేటింగ్ ఇవ్వమంటే, పెడల్‌కి ఐదుకి ఐదు. సోనీ హెడ్‌ఫోన్‌కి నాలుగున్నర, వైరు బరువుకి అర తీసేశా. ఓట్రాన్‌స్క్రైబ్‌కి నాలుగు. నేను చందా కట్టిన ఆటో సర్వీసుకి, టేబుల్ మీద ఫోన్ పెట్టి ఒకరి తర్వాత ఒకరం మాట్లాడినదానికైతే మూడు, జేబు రికార్డింగుకైతే సున్నా, చందా ఆపేశా.

సీటీసీలో పాత పెడల్ కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. వైరు చివర చూడండి. ఎంటీ కాలం నాటివి కొన్ని యూఎస్‌బీ కాదు, పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టువో, పదిహేను పిన్నుల గేమ్ పోర్టువో ఉంటాయి, చవగ్గా ఇస్తున్నాడని తెచ్చుకుంటే ఇప్పటి సిస్టమ్‌లకి పెట్టుకునే చోటే ఉండదు. యూఎస్‌బీదే అడగండి, షాపులోనే ల్యాప్‌టాప్‌కి పెట్టించి మూడు మీటలూ విడివిడిగా నొక్కి చూశాకే డబ్బులివ్వండి.